లైబ్రరీ పీరియడ్‌లో లెక్కలు: బీరువా తాళం నా చేతికొచ్చింది, ఏం చెయ్యమంటారు?

విడవలూరు_టీచరమ్మ (నెల్లూరు జిల్లా)
జూలై 8, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను యూపీ (ప్రాథమికోన్నత) స్కూల్లో 6, 7, 8 తరగతులకి లెక్కలు చెప్తాను. పోయిన నెల్లో మా హెచ్ఎం గారు "లైబ్రరీ కూడా నువ్వే చూసుకోమ్మా" అని బీరువా తాళం చేతిలో పెట్టారు. లైబ్రరీ అంటే గది అనుకునేరు. స్టాఫ్ రూములో ఒక ఇనప బీరువా, అంతే. రిజిస్టర్లో చివరి నంబరు 412. నేను కూర్చుని లెక్కబెడితే 367 వచ్చాయి. చానా వాటికి అట్టల్లేవు. అడుగు అరలో ఏ పుస్తకంలోవో తెలియని విడి కాగితాలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి.

వారానికి ఒక పీరియడ్ ఉంది. ఇంతకాలం పిలకాయలకి తలా ఒక పుస్తకం పంచడం, బెల్లు కొట్టగానే తిరిగి లాక్కోవడం, ఇదే నడిచింది. నేను లెక్కల మనిషిని గదా, ఆ ముప్పావుగంటని లెక్కలకి వాడుకోవచ్చా అని నా ఆలోచన. వర్క్‌షీట్లు ఇచ్చి కూర్చోబెట్టడం మాత్రం నాకిష్టం లేదు. అట్ట చేస్తే పిలకాయలకి లైబ్రరీ మీద ఉన్న ఆ కాస్త ఇష్టం కూడా పోతుంది. మీలో ఎవరైనా చేసుంటే చెప్పండి.


ఒంగోలు_లెక్కలు
జూలై 8, రాత్రి 9:40

మేడమ్, ఉన్నమాట అంటాను, ఏమనుకోవద్దు. మా తొమ్మిదో తరగతిలో 34 మంది. మూడంకెల భాగహారం తప్పు లేకుండా చేసేది పదకొండు మంది. వాళ్ళని లైబ్రరీలో కూర్చోబెట్టి ఆటలాడిస్తే భాగహారం వస్తుందా? ఒక పీరియడ్ ఊరికే దొరికితే ఎక్కాలు చెప్పించండి. లెక్కలున్న కథలని కొన్ని పుస్తకాలు వస్తున్నాయి, చూశాను. పిల్లోడు కథ చదువుకుంటాడు, లెక్క వచ్చిన చోట పేజీ తిప్పేస్తాడు.


కనిగిరి_చిన్నబడి
జూలై 8, రాత్రి 10:05

» లెక్క వచ్చిన చోట పేజీ తిప్పేస్తాడు

ఇది నిజం సార్. మాది ఏకోపాధ్యాయ పాఠశాల, ఒకటి నుంచి ఐదు దాకా అన్నీ నేనే. కథ చదివేటప్పుడు మధ్యలో ఆపి "ఇప్పుడు చెట్టు మీద కోతులెన్ని?" అని అడిగేవాణ్ణి. రెండో కథకే పిల్లలు కథ వినడం మానేసి వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. ఒకడైతే నేను పుస్తకం తెరవకముందే "అయ్యవారూ, ఈ కథలో ఎన్ని అడుగుతారు?" అన్నాడు. కథా పోయింది, లెక్కా పోయింది.

ఇప్పుడు కథ అయిపోయేదాకా లెక్క మాట ఎత్తను. అయినాక ఒక పొడుపు లెక్క వేస్తాను, పిల్లలు చింతపిక్కలు పేర్చుకుని తేలుస్తారు. మా అమ్మమ్మ చెప్పేదొకటి: కొన్ని తుమ్మెదలు, కొన్ని పూలు. పువ్వుకొకటి వాలితే ఒక తుమ్మెద మిగిలిపోతుంది. పువ్వుకి రెండేసి వాలితే ఒక పువ్వు మిగిలిపోతుంది. తుమ్మెదలెన్ని, పూలెన్ని? మూడో తరగతి పిల్ల పూలకి సుద్దముక్కతో గుండ్రాలు గీసి, వాటిలో పిక్కలు పెట్టి తీసి, పెట్టి తీసి, నాలుగు తుమ్మెదలు, మూడు పూలు అని తేల్చింది. ఐదో తరగతి వాడు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు అప్పటికి.


పాతపుస్తకం (కందుకూరు, రిటైర్డ్)
జూలై 9, ఉదయం 6:20

అమ్మా విడవలూరు టీచరమ్మా, శాఖా గ్రంథాలయాల్లో ముప్పై ఏళ్ళు చేసి దిగాను. లెక్కలు, లైబ్రరీ రెండూ వేరనుకుంటున్నారు ఇక్కడందరూ. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనే ఎస్.ఆర్. రంగనాథన్ గారు ముందు లెక్కల మాస్టారే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చెప్తూ చెప్తూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయ్యారు. అప్పట్లో మన నెల్లూరు జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 12నే మేం లైబ్రేరియన్ల దినం చేసుకుంటాం.

పని చెప్తాను, రాసుకోండి. కథల జోలికి ముందు పోవద్దు. పుస్తకం వీపు మీద చీటీ అంటించే పని పిల్లలకివ్వండి. పుస్తకం దేని గురించో దాన్ని బట్టి నంబరిచ్చే డ్యూయీ దశాంశ పద్ధతి అని 1876 నాటిది, మా గ్రంథాలయాల్లో అదే వాడాం. అన్నీ అక్కర్లేదు, ఈ కాసిని చాలు: 398.2 జానపద కథలు, 398.6 పొడుపు కథలు, 510 గణితం, 513 అంకగణితం, 516 రేఖాగణితం, 598 పక్షులు, 793.74 లెక్కల వినోదాలు, 793.8 ఇంద్రజాలం, 894.811 తమిళ సాహిత్యం, 894.827 తెలుగు సాహిత్యం.

ఇప్పుడు చూడండి తమాషా. 793.74 ముందు రావాలా, 793.8 ముందు రావాలా? మీ ఎనిమిదో తరగతిలో సగం మంది 793.8 ముందంటారు. 74 కంటే 8 చిన్నది గదా అని. మా దగ్గర పనికి చేరిన డిగ్రీ చదివిన అబ్బాయిలే అట్ట పెట్టేవాళ్ళు, పాఠకుడు వచ్చి మ్యాజిక్కు పుస్తకం దొరకలేదని వెళ్ళిపోయేవాడు. నోట్సులో తప్పు రాస్తే ఎర్ర సిరాతో సున్నా పడుతుంది, అంతే. ఇక్కడైతే పుస్తకం పోతుంది. వాడు పెట్టిన పుస్తకం వాడికే దొరకదు.


రొయ్యలగుంట (అల్లూరు)
జూలై 9, ఉదయం 7:02

పెద్దాయన చెప్పింది నాకు బాగా నచ్చింది. నేను టీచర్ని కాదు, మా వాడు ఏడో తరగతి. ఒక్క మాట చెప్పచ్చా? మా రొయ్యలకి కౌంట్ అంటారు, కిలోకి ఎన్ని తూగితే అంత కౌంట్. 100 కౌంట్ అంటే ఒక్కోటి 10 గ్రాములు. 50 కౌంట్ అంటే 20 గ్రాములు. నంబరు పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. కొత్తగా వచ్చిన వాళ్ళు 100 పెద్దది కదా అని మోసపోతారు. మావాడికి నాలుగేళ్ళప్పటి నుంచే తెలుసు ఇది.

వాడి లెక్కల పుస్తకంలో విలోమానుపాతం అని ఒక పాఠం ఉందంట, అది అర్థం కాలేదన్నాడు. మీ బీరువాలో అరకి ఎన్ని పుస్తకాలు పడతాయో అదీ కౌంటే గదా? సన్న పుస్తకాలు ఎక్కువ పడతాయి, లావువి తక్కువ పడతాయి. మా నాయన పుట్లల్లో చెప్తాడు (మా వైపు పుట్టి అంటే 850 కిలోలు వడ్లు), నేను కౌంట్లల్లో చెప్తాను, మీరు పిలకాయల చేత సెంటీమీటర్లల్లో చెప్పించండి.


విడవలూరు_టీచరమ్మ
జూలై 9, రాత్రి 8:48

అన్నా, ఈ పోలిక నాకెప్పుడూ తట్టలేదు. రేపే కొలిపిస్తాను. కౌంట్ అంటే తెలియని పిలకాయ మా బడిలో ఒక్కరూ లేరు.


సున్నా_విలువ (కావలి)
జూలై 10, మధ్యాహ్నం 1:15

ఇంకోటి నా తరఫున. వెనక అట్ట మీద బార్‌కోడ్ కింద ఐఎస్‌బీఎన్ నంబరు ఉంటుంది, ఒక్కో ప్రచురణకీ వేరేగా ఇచ్చే గుర్తింపు నంబరు అది. 2007 నుంచి 13 అంకెలు. మన దేశంలో అచ్చైన వాటికి 978 తర్వాత 81 గానీ 93 గానీ కనిపిస్తుంది. చివరి అంకె కాపలావాడు. ఎట్టంటే ఎడమ నుంచి మొదటి అంకెని 1తో, రెండోదాన్ని 3తో, మళ్ళీ 1తో, మళ్ళీ 3తో, ఇట్ట గుణించుకుంటూ పోయి మొత్తం కూడితే 10తో నిశ్శేషంగా పోవాలి.

మచ్చుకి నేను రాసుకున్న నంబరు: 9788123712345. బేసి స్థానాల్లో 9, 8, 1, 3, 1, 3, 5. కూడితే 30. సరి స్థానాల్లో 7, 8, 2, 7, 2, 4. అదీ 30, మూడింతలు 90. మొత్తం 120. సరిపోయింది. ఒక్క అంకె మార్చి చూడండి, పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది. జతగాడు చూడకుండా ఒక అంకె మీద వేలు పెట్టి దాచి "ఏదో చెప్పుకో" అంటే పిల్లలు పడీ పడీ ఆడతారు. మా చెల్లెలి మీద ప్రయోగం చేశాను.

పాత పుస్తకాలకి 10 అంకెలే ఉంటాయి, దాని లెక్క వేరు, 11తో పోవాలి. చివర ఎక్స్ అక్షరం కనిపిస్తే కంగారు పడొద్దు, రోమన్ పది అది.


ఒంగోలు_లెక్కలు
జూలై 10, సాయంత్రం 5:50

» పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది

తప్పు. ఒక్క అంకె మారితే కచ్చితంగా దొరుకుతుంది, అది ఒప్పుకుంటాను. తారుమారు మాత్రం అన్నిసార్లూ దొరకదు. ఒకదాన్ని 1తో, పక్కదాన్ని 3తో గుణిస్తున్నావు గదా. స్థానాలు మారితే మొత్తంలో వచ్చే మార్పు ఆ రెండంకెల తేడాకి రెండింతలు. తేడా 5 అయితే మార్పు 10. కాపలావాడు నిద్రపోతాడు. 2, 7 తారుమారైతే దొరకదు. 1, 6 అంతే. 0, 5 అంతే. 3, 8... 4, 9... అయిదు జతలు.


సున్నా_విలువ (కావలి)
జూలై 10, సాయంత్రం 6:04

సార్ మీరు కరెక్ట్. నేను ఇచ్చిన నంబర్లో ఒక్కచోట కూడా పక్కపక్కన తేడా 5 లేదు, అందుకే నాకు దొరకలేదు.

ఇంతకీ ఆటలు ఆడిస్తే ఏమొస్తుందన్న మీరు ఇందులోకి ఎట్ట దిగారు సార్? 😄


ఒంగోలు_లెక్కలు
జూలై 10, రాత్రి 7:31

నేను దిగలేదు. తప్పు కనిపించింది, చెప్పాను. అయినా ఇది ఆట ఎట్టయింది, ఇది భాజనీయత.


మోడరేటర్
జూలై 10, రాత్రి 9:00

ఈ చర్చని "బడి, చదువు" విభాగంలోకి మార్చాం. జీతాలు, బదిలీల మీద వచ్చిన నాలుగు పోస్టులు వేరే చోటికి పంపాం.


ఫారం16 (నెల్లూరు టౌను)
జూలై 12, రాత్రి 11:20

టీచరమ్మా, మీ మొదటి పోస్టులో అడుగు అరలో విడి కాగితాల పెట్టె అన్నారు. అది పారెయ్యకండి. ఇరవై రెండేళ్ళు ప్రెస్సులో బైండింగు చేశాను, పెట్టె మాట చదివి నిద్ర పట్టక రాస్తున్నా.

పిల్లల పుస్తకాలు చానావరకు మధ్యలో పిన్ను కొట్టినవే. ఒక కాగితం ఊడిందంటే దాంట్లో నాలుగు పేజీలుంటాయి. పైకి చూస్తే ఎడమ 12, కుడి 5 ఉందనుకోండి. తిప్పితే 6, 11. రెండు వైపులా కూడండి, 17. అంటే అది 16 పేజీల పుస్తకంలోది. 8, 25 ఉంటే కూడితే 33, 32 పేజీల పుస్తకం. కూడికలో ఒకటి తీసేస్తే పుస్తకం మొత్తం పేజీలు. ఏ పుస్తకంలోదో తెలియని కాగితానికి దాని ఇల్లు చెప్పేది ఈ లెక్కే. మేం చదివింది ఏడే, ఆ లెక్క మాకు ఎవరూ చెప్పలేదు, పని చేస్తా చేస్తా చేతికొచ్చింది.

ఇంకోటి. న్యూస్ పేపర్లోంచి ఒక్క కాగితం తీసుకుని మూడు మడతలు పెట్టండి, ఒకసారి అడ్డం ఒకసారి నిలువు, మళ్ళీ అడ్డం. చించకుండా, అంచులు పైకెత్తి చూసుకుంటా 1 నుంచి 16 దాకా పేజీ నంబర్లు వెయ్యమనండి. ఇప్పుడు విప్పండి. కొన్ని తలకిందులుగా, 1 పక్కన 16, ఇంకెక్కడో 8 పక్కన 9. పిలకాయలు నోరు తెరుస్తారు. దాన్నే మేం ఫారం అంటాం, డెమ్మీ సైజు పుస్తకానికి ఒక ఫారం 16 పేజీలు. నా పేరు అందుకే అట్ట పెట్టుకున్నా.

చినిగిన పుస్తకాల్ని పిల్లల చేతికిచ్చి, మైదా జిగురు, పాత క్యాలెండరు కాగితం ఇవ్వండి. పుస్తకాల ఆసుపత్రి అని పేరు పెట్టండి.


చీమకుర్తి_అమ్మ
జూలై 13, ఉదయం 10:10

ఇప్పుడే మా ఇంట్లో న్యూస్ పేపరు మడిచి చూశాం. మా పాపకి లెక్కలంటే జ్వరం, పుస్తకాలంటే మాత్రం ప్రాణం. నంబర్లు వేసి విప్పాక "అమ్మా ఏడు తలకిందులైంది!" అని అరిచింది. అది లెక్క అని నేను చెప్పలేదు, చెప్తే ఆపేస్తుంది.


పాతపుస్తకం (కందుకూరు, రిటైర్డ్)
జూలై 13, మధ్యాహ్నం 12:40

ఫారం16 గారికి నమస్కారం. ముప్పై ఏళ్ళు పుస్తకాల మధ్య ఉన్నాను, ఊడిన కాగితాలు చూసి బొమ్మని బట్టీ కథని బట్టీ వెతికానే గానీ ఈ కూడిక నాకు తట్టలేదు. సిగ్గుగా ఉంది.

మీ బీరువాలో 1957కి ముందు పుస్తకం ఏదైనా ఉంటే వెల చూడండి టీచరమ్మా. 1-8-0 అని ఉంటుంది. ఒక రూపాయి ఎనిమిది అణాలు అన్నమాట. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. 0-12-0 అంటే ముప్పావు రూపాయి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చి ఈ లెక్క పోయింది.  అట్టాంటి పుస్తకాలు మీ బడిలో ఉండకపోవచ్చు, వేటపాలెం సారస్వత నికేతనానికి పిల్లల్ని ఒకసారి తీసుకెళ్ళండి. 1918లో పెట్టింది, పాత పత్రికలు కట్టలు కట్టలున్నాయి. ఇప్పుడది బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ మా తరానికి ప్రకాశం జిల్లాదే. పాత పత్రికలో ప్రకటనలు చూసి చీర వెల, సబ్బు వెల పిల్లల చేత రూపాయల్లోకి మార్పించాను ఒకప్పుడు.


విడవలూరు_టీచరమ్మ
ఆగస్టు 3, రాత్రి 9:30

మూడు వారాలు చేశాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మొదటి వారం అర కొలిచాం. మా అర 75 సెంటీమీటర్లు. సన్న కథల పుస్తకాలు అర సెంటీమీటరువి, 150 పట్టాలి. పేరిస్తే 138కే నిండిపోయింది. పిలకాయలు "లెక్క తప్పు మేడమ్" అన్నారు. లెక్క తప్పు కాదు, చెమ్మకి పుస్తకాలు ఉబ్బాయి. ఆ సంగతి రొయ్యలగుంట వాళ్ళబ్బాయే (మా బడిలోనే చదువుతున్నాడని ఇప్పుడే తెలిసింది!) చెప్పాడు. "నీళ్ళు పట్టిన రొయ్య తూకం ఎక్కువొస్తుంది మేడమ్, ఇదీ అంతే."

తర్వాత ఒక కాగితం మందం ఎంత అని అడిగాను. 200 పేజీల పుస్తకం, అట్టలు వదిలేసి కొలిస్తే సరిగ్గా 1 సెంటీమీటరు. ఒక్కరు తప్ప అందరూ 200తో భాగించారు, 0.05 మిల్లీమీటర్లు. ఆ ఒక్క పిల్ల లేచి ఏమీ మాట్లాడకుండా పుస్తకంలోంచి ఒక కాగితం పైకెత్తింది. ముందు వైపు చూపించింది, 37. వెనక్కి తిప్పి చూపించింది, 38. కూర్చుంది. క్లాసంతా నిశ్శబ్దం. అప్పుడు అందరూ 200 కొట్టేసి 100 రాసుకున్నారు. 0.1 మిల్లీమీటరు.

రెండో వారం దశాంశాలు. పెద్దాయన చెప్పినట్టే 31 మందిలో 19 మంది 793.8ని ముందు పెట్టారు. నేను ఏమీ అనలేదు, ఇంకో క్లాసు పిలకాయల్ని పిలిచి మ్యాజిక్కు పుస్తకం వెతకమన్నా. దొరకలేదు. పెద్ద గొడవ. చివరికి 793.80 అని సున్నా చేర్చి రాసింది ఒక పిల్ల. గొడవ ఆగింది.

ఐఎస్‌బీఎన్ మాత్రం మాకు నడవలేదు. మా పుస్తకాల్లో సగానికి అట్టలే లేవు, నంబరెక్కడిది.


ఒంగోలు_లెక్కలు
ఆగస్టు 3, రాత్రి 10:15

దశాంశాల సంగతి నేనూ చేశాను, చెప్పుకోడానికి ఇష్టం లేక ఆగాను. లైబ్రరీ లేదు మాకు ఆ పీరియడ్‌లో, క్లాసులోనే ఒక తాడు కట్టి చీటీలు తగిలించా. తొమ్మిదో తరగతిలో తప్పు పెట్టిన వాళ్ళు 14 మంది. ఏడేళ్ళుగా ఆ పాఠం చెప్తున్నాను, ఇంతమందికి ఆ అపోహ ఉందని నాకు తెలియదు. ప్రశ్నపత్రంలో ఆ ప్రశ్న నేనెప్పుడూ అడగలేదు.

భాగహారం మాత్రం వాళ్ళకి ఇంకా రాలేదు. అది మర్చిపోవద్దు.

గుణకారం సాధనకి నేను వాడేది ఒకటి చెప్తాను, కావాలంటే కనిగిరి సార్ కూడా పిల్లల చేత చేయించుకోవచ్చు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో చెప్పిన పూలదండల్లాంటి గుణకారాలున్నాయి, జవాబు ఎటు నుంచి చదివినా ఒకటే. 152207ని 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు. ఆయన సంస్కృత గణితాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఇంకొల్లు పక్కన పావులూరు ఉంది, మా అమ్మగారి ఊరు దానికి దగ్గరే. ఇంటిపేరు చూసి మా తాత ఆ కవి మనవాడే అనేవాడు, ఎంతవరకు నిజమో ఆయనకే తెలియాలి. పిల్లలు జవాబు తప్పు చేస్తే ఒకట్ల మధ్యలో వేరే అంకె పడుతుంది, వాళ్ళే దిద్దుకుంటారు. నేను చూడక్కర్లేదు.


కనిగిరి_చిన్నబడి
ఆగస్టు 4, ఉదయం 6:45

ఒంగోలు సార్, మా ఐదో తరగతి వాడు నిన్న అది చేసి తొమ్మిది ఒకట్లు తెచ్చాడు. ఎక్కడో ఒకటి ఎక్కువ రాశాడు. గంటసేపు వెతుక్కున్నాడు, అన్నానికి లేవలేదు.


ఫారం16 (నెల్లూరు టౌను)
ఆగస్టు 4, రాత్రి 11:50

టీచరమ్మా, ఆసుపత్రి సంగతి రాయలేదు?


విడవలూరు_టీచరమ్మ
సెప్టెంబరు 1, రాత్రి 8:15

అన్నా ఆలస్యమైంది, క్షమించండి. మధ్యలో పరీక్షలు. ఆసుపత్రి బాగా నడుస్తోంది, మైదా జిగురుకి చీమలు పట్టి ఒకసారి మొత్తం ఎండబెట్టుకున్నాం. అది వదిలేస్తే పెట్టెలో ఉన్న 60 కాగితాల్లో 41కి ఇల్లు దొరికింది.

ఒక కాగితం మాత్రం రెండు రోజులు మమ్మల్ని తిప్పింది. ఎడమ 9, కుడి 26. కూడితే 35. ఒకటి తీస్తే 34. పిలకాయలకి అప్పటికే తెలుసు, పిన్ను కొట్టిన పుస్తకం పేజీలు నాలుగుతో పోవాలని, ఎందుకంటే కాగితానికి నాలుగు పేజీలు. 34 నాలుగుతో పోదు. ముద్రణ తప్పన్నారు, వేరే పుస్తకంలో కాగితాలు అంటుకున్నాయన్నారు. మీకు ఫోన్ చేద్దామా అని కూడా అనుకున్నాం, నంబరు లేదుగా. చివరికి ఏడో తరగతి పిల్లోడొకడు అన్నాడు: "మేడమ్, వేరే పుస్తకాల్లో బేసి నంబరు కుడివైపు ఉంటుంది. ఇందులో ఎడమవైపు ఉంది." చూస్తే నిజమే. ఆ పుస్తకం వాళ్ళు లోపలి మొదటి పేజీని వదిలేసి రెండోదానికి 1 వేశారు. అంటే ప్రతి నంబరూ ఒకటి తక్కువ. రెండు వైపులా ఒక్కోటి కలిపితే 37, పుస్తకం 36 పేజీలు. 36 నాలుగుతో పోతుంది. బీరువాలో 36 పేజీల పుస్తకాలు మూడే ఉన్నాయి, రెండోదానిలో సరిపోయింది.


ఫారం16 (నెల్లూరు టౌను)
సెప్టెంబరు 1, రాత్రి 8:40

ఆ పిల్లోడికి నా దండం చెప్పండమ్మా. ప్రెస్సులో అట్టాంటి పుస్తకం వస్తే మేం కంపోజింగు వాళ్ళని తిట్టుకునేవాళ్ళం.


రొయ్యలగుంట (అల్లూరు)
సెప్టెంబరు 1, రాత్రి 9:05

మావాడేనా టీచరమ్మా?


విడవలూరు_టీచరమ్మ
సెప్టెంబరు 1, రాత్రి 9:07

కాదన్నా 🙂 మీవాడు గడువు లెక్క చేశాడు. రిజిస్టర్లో పుస్తకం గడువు 15 రోజులని రాసుంది. మా లైబ్రరీ పీరియడ్ మంగళవారం. మంగళవారం ఇస్తే 15 రోజులకి బుధవారం వస్తుంది, ఆ రోజు బీరువా తెరవం. వాడు ఏడుతో భాగించి 14 చెయ్యమన్నాడు. చేశాం.


విడవలూరు_టీచరమ్మ
సెప్టెంబరు 16, రాత్రి 9:20

పెద్దలు పాతపుస్తకం గారిని ఒక సలహా అడగాలి. రిజిస్టర్లో 412, బీరువాలో 367, పోయినవి 45 అనుకున్నాం గదా. హెచ్ఎం గారు అవి నా తలకి చుట్టుకుంటాయని భయపెట్టారు. ఎనిమిదో తరగతి వాళ్ళకి రిజిస్టర్ ఇచ్చి ఒక్కో నంబరూ టిక్కు పెట్టమన్నా. రెండు పీరియడ్లు పట్టింది.

199 తర్వాత పేజీ తిప్పగానే 210 ఉంది. రాసినాయన పేజీ మారేటప్పుడు దాటేశాడు. ఎన్ని పుస్తకాలు అసలు లేవో అని పిలకాయలు తగువు పడ్డారు. సగం మంది 210లోంచి 199 తీసేసి 11 అన్నారు. ఇంకో సగం వేళ్ళ మీద 200, 201 అని లెక్కబెట్టి 10 అన్నారు. తీసివేత ఎట్ట తప్పవుతుంది మేడమ్ అని మొదటి జట్టు నా మీదకొచ్చింది. నేను జవాబు చెప్పలేదు. ఒక పిల్ల నల్లబల్ల మీద 199, 200, 201 రాసి, 199కీ 201కీ మధ్య ఎన్ని ఉన్నాయో చెప్పండ్రా అంది. తీస్తే 2, మధ్యలో ఉన్నది 1. అంతే, అందరూ కూర్చున్నారు.

కాబట్టి అసలు ఉన్నవి 402. పోయినవి 35. అందులో 9 పిలకాయల ఇళ్ళల్లో దొరికాయి, అక్కలు అన్నలు ఎప్పుడో తీసుకెళ్ళినవి. ఇంకా 26 తేలాలి. ఇప్పుడు రిజిస్టర్లో ఈ 10 సంగతి ఎట్ట రాయాలి? నంబర్లన్నీ కొట్టేసి మళ్ళీ వెయ్యమంటారా?


పాతపుస్తకం (కందుకూరు, రిటైర్డ్)
సెప్టెంబరు 17, ఉదయం 5:55

కొట్టివేత వద్దమ్మా. ఆ నంబర్లు పుస్తకాల మీద కూడా వేసి ఉంటాయి, రిజిస్టరు మారిస్తే అవన్నీ మార్చాలి. 199 కింద ఖాళీలో ఎర్ర సిరాతో "200 నుండి 209 వరకు నంబర్లు వాడలేదు, వెరసి పది" అని రాసి, తేదీ వేసి, హెచ్ఎం గారి సంతకం పెట్టించండి. పది అని అక్షరాల్లో రాయండి, అంకెల్లో రాస్తే ఎవరైనా మళ్ళీ 11 చేస్తారు.


విడవలూరు_టీచరమ్మ
సెప్టెంబరు 17, సాయంత్రం 6:30

రాశాం. హెచ్ఎం గారు సంతకం పెట్టారు. పది అన్న జట్టు వాళ్ళు తమ సంతకాలు కూడా కింద పెడతామని పట్టుబట్టారు, గవర్నమెంటు రిజిస్టరు అని ఒప్పుకోలేదు. పెన్సిలుతో పక్కన చిన్నగా 8వ తరగతి అని మాత్రం రాసుకోనిచ్చాను.